బడిలో విజ్ఞానశాస్త్రము - ఉపాధ్యాయుని తర్ఫీదు



నేను వృత్తిచేత తెలుగు పండితుడను. బాల్యమున గురువుగారి యరుగుమీద అమరమును, శబ్దమంజరిని వల్లెవేసి, పిమ్మట ప్రాచ్యకళాశాలలో భాషాప్రవీణ చదివి, సంధులును సమాసములును బోధించుచు ముప్పదియేండ్లకు పైగా బడిలో గడపి విశ్రాంతి పొందితిని. ఇట్టివాడు విజ్ఞానశాస్త్రోపాధ్యాయులను గూర్చి ప్రసంగించుట యేమని మీకు తోచవచ్చును. దానికొక కారణము కలదు. అది నేను చేసిన యొక తప్పు. ముందుగా దానిని మనవి చేసి, తరువాత చరిత్రలోనికి పోయెదను.

నేను ఉద్యోగములో చేరిన తొలి సంవత్సరములలో మా బడిలోని విజ్ఞానశాస్త్రపు మాష్టారు బదిలీయై వెళ్లిపోయిరి. ఆ చోటికి రెండేండ్లవరకు మరియొకరు రాలేదు. ఆ పాఠములు కూడ నన్నే చెప్పుమని ప్రధానోపాధ్యాయులు కోరిరి. నేనొప్పుకొంటిని. పద్యములు చెప్పినట్లే వాయువులను గూర్చియు, ఉష్ణమును గూర్చియు పుస్తకము చదివించి, ముఖ్యమైన వాక్యములను వల్లెవేయించితిని. పిల్లలు పరీక్షలో చక్కగా వ్రాసిరి. నేనును తృప్తిపడితిని.

పుస్తకములో నొక ప్రయోగముండెను. పళ్లెములో నీరు పోసి, నడుమ వెలుగుచున్న కొవ్వొత్తిని నిలిపి, దానిపై గాజుగ్లాసు బోర్లించవలెను. కొంతసేపటికి దీపమారును, నీరు గ్లాసులోని కెక్కును. గాలిలో నయిదవపాలు ప్రాణవాయువు గనుక, అది ఖర్చు కాగా నీరు ఆ చోటిని నింపినదని నేను చెప్పితిని. మరునాడొక బాలిక లేచి నిలిచినది. ఆమె ఇంటివద్ద ప్రమిదతో ఆ ప్రయోగము చేసి చూచినదట. ప్రాణవాయువు కొంచెము కొంచెముగా ఖర్చగునెడల నీరు కూడ కొంచెము కొంచెముగా నెక్కవలెను గదా, దీపమారిన తరువాతనే గబాలున నెక్కుచున్నదేమి మాష్టారూ అని యడిగినది. నేనా ప్రయోగమును ఎన్నడును చేసి యెరుగను. ఎరుగనని చెప్పుటకు నోరు రాలేదు. పుస్తకములో నున్నది వ్రాసికొనుమని కసరి కూర్చుండబెట్టితిని. ఆ తరువాత ఆ బాలిక నన్ను మరి యే ప్రశ్నయు నడుగలేదు.

కొన్ని యేండ్లకు విజ్ఞానశాస్త్రము చదివిన యువకుడొకడు మా బడికి వచ్చెను. అతడు నా యెదుటనే ఆ ప్రయోగము చేసెను. మొదట నొక కొవ్వొత్తితో చేసి, తరువాత మూడు కొవ్వొత్తులతో చేసెను. మూడింటితో నీరు చాల నెక్కువగా నెక్కినది. గ్లాసులోని ప్రాణవాయువు రెండు మారులును ఒక్కటే గదా! అసలు సంగతి యేమనగా, దీపపు వేడికి గ్లాసులోని గాలి వ్యాకోచించి కొంత బుడగలుగా బయటికి పోవును. దీపమారిన వెంటనే లోపలి గాలి చల్లబడి ముడుచుకొనును. అప్పుడు బయటి గాలి నీటిని లోనికి త్రోయును. ప్రాణవాయువంతయు ఖర్చు కాకమునుపే దీపమారును. ఖర్చయిన దానికి బదులు బొగ్గుపులుసుగాలి పుట్టును. కనుక అయిదవపాలు లెక్క ఈ ప్రయోగమునకు పొసగదు. బాలిక చూచినదే నిజము. నేను చెప్పినది తప్పు.

ఈ తప్పు నా యొక్కని దయినచో ఇచ్చట చెప్పవలసిన పని లేదు. తాను చేతులతో చేసి యెరుగని విద్యను పిల్లలకు చెప్పవలసివచ్చుట, మన దేశములో నూరేండ్లకు పైగా ఉపాధ్యాయులు పడుచున్న యవస్థ. దానిని తీర్చుటకు కొందరు మహనీయులు పాటుపడిరి. వారి కథ మన పెద్దలు వినదగినది.

మొదట లాహోరు నగరమునకు పోవుదము. అది నేడు పాకిస్తానులో నున్నది. 1885వ సంవత్సరమున అచ్చట పంజాబు సైన్సు ఇన్‌స్టిట్యూటు అను సంస్థ వెలసెను. ప్రభుత్వ కళాశాలలోని ఓమన్ అను ఆచార్యుడును, రుచిరామ్ సాహ్ని యను యువకుడును దానికి మూలపురుషులు. ఈ రుచిరామ్ సాహ్ని తరువాత నదే కళాశాలలో రసాయనశాస్త్రము బోధించెను. శిలాజవృక్షములను పరిశోధించి ఖ్యాతిగాంచిన బీర్బల్ సాహ్ని ఈయన కుమారుడే. రుచిరామ్ సాహ్ని ఊరూర తిరిగి, పంజాబీ భాషలో, ప్రయోగములు చేసి చూపుచు ఉపన్యసించెడివాడు. సబ్బు చేయు విధము, త్రాగునీటి మంచిచెడ్డలు, విద్యుచ్ఛక్తి మొదలగునవి ఆయన విషయములు. అంగళ్లవారును డబ్బిచ్చి టిక్కెట్టు కొని వినుటకు వచ్చెడివారట.

అయితే బళ్లలో ప్రయోగము చేయుటకు పరికరములు కావలెను. అవి సీమనుండి రావలెను. వెల యెక్కువ, చెడినచో బాగుచేయువాడు లేడు. అందుచే 1888లో సాహ్ని యొక చిన్న కర్మశాలను పెట్టించెను. రైల్వేలో పనిచేసిన అల్లాబక్ష్ అను మిస్త్రీ ఆయనకు తోడ్పడెను. బళ్లకు కావలసిన పరికరములు ఇచ్చటనే తయారై తక్కువ వెలకు దొరకసాగెను. శాస్త్రము తెలిసిన ఆచార్యుడును, పనితనము తెలిసిన మిస్త్రీయు ఒక్కచోట కూర్చుండినగాని బడిలో విజ్ఞానము నిలువదని నిరూపించిన తొలివారిలో వీరొకరు.

మన తెలుగునాట మొదట జరిగిన కృషి పుస్తకముల రూపమున జరిగెను. 1906లో కొమర్రాజు లక్ష్మణరావు గారు మొదలగువారు హైదరాబాదున విజ్ఞానచంద్రికామండలిని స్థాపించిరి. చరిత్రలతోపాటు పదార్థవిజ్ఞానము, రసాయనశాస్త్రము, జీవశాస్త్రము మొదలగు విషయములపై తెలుగున గ్రంథములు వెలువరించిరి. పరభాషలోని విద్య మన మాటలలో దొరకుట గొప్ప మేలు. ఆ ఋణము తీర్చుకొనలేనిది. కాని పుస్తకము చదివినవానికి మాట వచ్చును, చేయి తిరుగదు. దిగితే గాని లోతు తెలియదని మన సామెత. వైద్యుని శిష్యుడు కల్వములో నూరినగాని మందు పాకము నెరుగడు. వడ్రంగి కుమారుడు బాడిస పట్టినగాని కొయ్య తీరు నెరుగడు. విజ్ఞానశాస్త్రమును ఈ జాతి విద్యయే గాని, నేను చదివిన వ్యాకరణము వంటిది కాదు.

ఇక రెండవ ప్రపంచయుద్ధమునకు వత్తము. ఆ యుద్ధమున అనేక దేశములలో బళ్లును, ప్రయోగశాలలును బూడిదపాలయ్యెను. యుద్ధము ముగిసిన పిమ్మట బడి తెరచిన ఉపాధ్యాయునికి గాజుగొట్టము లేదు, త్రాసు లేదు. అప్పుడు ఐక్యరాజ్యసమితి విద్యాసంస్థయైన యునెస్కో, లండనులోని యొక బడిలో బోధించు స్టీఫెన్‌సన్ అను ఉపాధ్యాయునిచే నొక పుస్తకము వ్రాయించెను. 1948లో వెలువడిన ఆ పుస్తకము, యుద్ధములో చితికిపోయిన దేశముల విజ్ఞానోపాధ్యాయులకు సలహాలు చెప్పునది. డబ్బాలు, సీసాలు, తీగెలు, కొయ్యముక్కలు మొదలగు వానితో పరికరములను ఎట్లు చేసికొనవచ్చునో అందు వివరించిరి.

వింత యేమనగా, యుద్ధము సోకని బీదదేశముల ఉపాధ్యాయులకును అది మిక్కిలి యుపయోగపడెను. వారి బళ్లలో ప్రయోగశాలలు కూలిపోలేదు, అసలెన్నడును లేవు! అందుచే యునెస్కో ఆ పుస్తకమును పెంచి 1956లో విజ్ఞానబోధకు ఆకరగ్రంథముగా ప్రకటించెను. అది పెక్కు భాషలలోనికి పరివర్తితమై, లోకమందలి వేలకొలది పల్లెటూరి బళ్లకు చేరెను.

మన దేశమున స్వాతంత్ర్యానంతరము ప్రభుత్వము ఈ విషయమున శ్రద్ధ వహించెను. 1961లో జాతీయ విద్యా పరిశోధన శిక్షణ మండలి ఢిల్లీలో నేర్పడెను. 1963 నుండి విశ్వవిద్యాలయములలో విజ్ఞానోపాధ్యాయులకు వేసవి శిబిరములు నడపిరి. 1964 మొదలు 1966 వరకు పనిచేసిన విద్యాసంఘమునకు, స్వయముగా భౌతికశాస్త్రవేత్తయైన కొఠారీ గారు అధ్యక్షులు. పదవ తరగతి వరకు పిల్లలందరును విజ్ఞానశాస్త్రమును, గణితమును తప్పక చదువవలెనని ఆ సంఘము చెప్పెను. మంచి మాటయే. కాని లక్షలాది బళ్లలో దానిని చెప్పువారెవరు? వారికి నేర్పువారెవరు? ఈ ప్రశ్నకు మంచి సమాధానము రాజధానిలో గాక, నర్మదానదీ తీరమున నొక జిల్లాలో దొరకెను.

మధ్యప్రదేశములోని హోషంగాబాదు జిల్లాకు నేడు నర్మదాపురమని పేరు. ఆ పట్టణము చెంత రసూలియాలో ఫ్రెండ్సు రూరల్ సెంటరు అను సేవాసంస్థయుండెను. బనఖేడీ ప్రాంతమున కిశోరభారతి యను మరియొక సంస్థయుండెను. బొంబాయిలోని టాటా పరిశోధనాసంస్థలో జీవరసాయనశాస్త్రజ్ఞుడుగా నుండి, ఆ కొలువు విడిచి పల్లెకు వచ్చిన అనిల్ సద్గోపాల్ గారు దాని స్థాపకులు. ఈ రెండు సంస్థలును ప్రభుత్వానుమతితో 1972లో పదునారు మాధ్యమిక పాఠశాలలలో నొక క్రొత్త పద్ధతిని ప్రారంభించెను. టాటా సంస్థ శాస్త్రజ్ఞులును, మరుసటి యేటినుండి ఢిల్లీ విశ్వవిద్యాలయపు ఆచార్యులును వచ్చి వారితో కలిసిరి.

ఆ పద్ధతి యెట్టిదనగా, ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలు నలుగురేసి జట్టుగా కూర్చుండి ప్రయోగములు తామే చేయుదురు. చూచినదానిని తామే వ్రాసికొందురు. దానినుండి తామే నిర్ణయమునకు వత్తురు. పుస్తకములో ప్రశ్నలుండును గాని సమాధానములుండవు. పరీక్షలోను పుస్తకము దగ్గరనుంచుకొనవచ్చును. వల్లెవేసిన దానికి మార్కులు లేవు. ప్రయోగము చేసి చూపవలెను. కావలసిన సామాను ప్రభుత్వమే పెట్టెలో పెట్టి బడికి పంపును.

ఇదంతయు ఉపాధ్యాయుడు సిద్ధపడినగాని సాగదు గదా! అందుచే వారు అన్నిటికంటె నెక్కువ శ్రమ ఉపాధ్యాయుల తర్ఫీదుమీదనే పెట్టిరి. వేసవిలో మూడువారములు శిబిరము. అచ్చట ఉపన్యాసములు తక్కువ. ఉపాధ్యాయులు కూడ పిల్లలవలె నలుగురేసి కూర్చుండి, పుస్తకములోని ప్రయోగములను స్వయముగా చేయవలెను. విశ్వవిద్యాలయపు ఆచార్యుడును అదే చాపమీద కూర్చుండి, వారితోపాటు ఆకులను పరీక్షించును, నేలమీద నీడలను కొలుచును. ప్రయోగము పుస్తకము చెప్పినట్లు రానిచో, ఎందుకు రాలేదని అందరును కలిసి తర్కింతురు. తెలియనిచోట తెలియదనుటకు సిగ్గుపడనక్కరలేదు, కలిసి వెదకుదమనవలెను. ఈ యొక్క మాట నాకెవరైనను ముందే నేర్పియుండినచో ఆనాడు ఆ బాలికను కసరియుండను.

శిబిరముతో పని ముగియలేదు. బళ్లు తెరచిన పిమ్మట నెలకొకమారు ఆ చుట్టుపట్ల ఉపాధ్యాయులు కలిసికొని తమ తరగతిలోని చిక్కులను చెప్పుకొనెడివారు. శిక్షకులు బళ్లకు వెళ్లి, తప్పులు పట్టుటకు గాక తోడ్పడుటకు తరగతిలో కూర్చుండెడివారు. ఉపాధ్యాయులు చెప్పిన సవరణలను బట్టి పుస్తకమును తిరుగవ్రాసెడివారు. ఆ పుస్తకముల పేరు బాలవైజ్ఞానిక్. పిల్లల ప్రశ్నలకు బదులు వ్రాయుటకు సవాలీరామ్ అను కల్పిత పురుషుని పేరు పెట్టిరి. పల్లెపిల్లలు ఆయనకు ఉత్తరములు వ్రాసెడివారు, బదులు వచ్చెడిది.

నెలకొకమారు కూడుట నాకు పరిచితమైన విషయమువలెనే తోచినది. మా పండితులలోను ఒంటరిగా చదివినవానికి పాండిత్యము నిలువదు. సభలో కూర్చుండి శాస్త్రార్థము చేసినప్పుడే తన సందు తనకు తెలియును. ఆ సభను వారు విజ్ఞానోపాధ్యాయులకు కల్పించిరి. అదే ఆ కార్యక్రమమునకు ప్రాణము.

ఆ కాలముననే, 1978లో, అరవిందగుప్త అను యువ ఇంజనీరు అచ్చటికి వచ్చెను. ఆయన సంతలో తిరిగి, ఖరీదు లేని వస్తువులతో నేమి చేయవచ్చునో చూచెను. సైకిలు చక్రములో వాడు సన్నని వాల్వు ట్యూబును చిన్న ముక్కలుగా కోసి, అగ్గిపుల్లలను వానితో కలిపినచో ఎట్టి ఆకారమునైనను కట్టవచ్చునని కనుగొనెను. నాలుగు పుల్లలతో చతురస్రము కట్టి నొక్కినచో అది వ్రాలిపోవును. మూడు పుల్లల త్రికోణము వ్రాలదు. మన పెంకుటిళ్ల కప్పునకు వడ్రంగి కొయ్యలను త్రికోణముగా నెందుకు బిగించునో పిల్లవాడు ఆ యగ్గిపుల్లలతో తెలిసికొనును. ఈ గుప్తగారికి 2018లో పద్మశ్రీ బిరుదము లభించెను. లాహోరులో సాహ్నియు అల్లాబక్ష్‌యు చేసిన పనినే ఈయన నూరేండ్లకు దగ్గరగా సంతబజారు సరకులతో మరల చేసెను.

పదునారు బళ్లలో మొదలైన ఆ పద్ధతి 1978లో జిల్లాలోని మాధ్యమిక పాఠశాలలన్నింటికి, అనగా రెండువందలకు పైగా బళ్లకు వ్యాపించెను. 1982లో దీనిని నడపుటకు ఏకలవ్య యను సంస్థ యేర్పడెను. పిమ్మట ఇతర జిల్లాలకును ప్రాకెను. అయినను ముప్పది యేండ్లు నిండగనే, 2002లో రాష్ట్రప్రభుత్వము దానిని నిలిపివేసెను. తక్కిన జిల్లాల పిల్లలు చదువు పుస్తకములే ఇచ్చటి పిల్లలును చదువవలెనని, లేనిచో పై తరగతులలో వెనుకబడుదురని కొందరనిరి. దేశమందలి శాస్త్రజ్ఞు లనేకులు వలదని విన్నవించిరి. ఫలితము లేకపోయెను.

తలిదండ్రుల భయమును నేను తేలికగా త్రోసివేయను. బిడ్డ పై చదువునకు పోవునప్పుడు మార్కుల పట్టికయే అడుగుదురు గాని, నీడనెట్లు కొలిచితివని ఎవరును అడుగరు. కాని ముప్పది వేసవులు ఉపాధ్యాయులు నేర్చిన నేర్పు ఒక్క ఉత్తరువుతో దిక్కులేనిదయ్యెను. ఆ పద్ధతిలో తర్ఫీదైన ఉపాధ్యాయులును, ఆ పుస్తకములును, ఉపాధ్యాయుల కొరకు వెలువడిన సందర్భ్ అను హిందీ పత్రికయు మాత్రము ఆ కృషికి సాక్ష్యముగా నిలిచినవి.

మన ప్రాంతమునకు వత్తము. 1987లో ఆపరేషన్ బ్లాక్‌బోర్డు అను కేంద్ర పథకము క్రింద దేశమందలి ప్రాథమిక పాఠశాలలకు విజ్ఞానపు పెట్టెలు మంజూరయ్యెను. అదే కాలమున ఉపాధ్యాయుల శిక్షణకు జిల్లాకొక సంస్థ ప్రారంభమయ్యెను. నేను చూచిన బళ్లలో పెట్టె వచ్చుట వచ్చెను, బీరువాలోనికి పోయెను, తాళము పడెను. కారణము సోమరితనము కాదు. స్టాకు రిజిస్టరులో గాజుగొట్టము లారు అని వ్రాసియుండును. తనిఖీ నాటికి అయిదే యున్నచో ఆరవదాని వెల ఉపాధ్యాయుని జీతమునుండి పోవునని భయము. పిల్లలు ముట్టినచో పగులును. పగిలినచో సంజాయిషీ. ముట్టనిచో రిజిస్టరు సరిగానుండును. సామాను భద్రముగా నుండెను, చదువు పోయెను.

మంచి పనులును లేకపోలేదు. చిత్తూరు జిల్లా కుప్పము వద్ద, 1999లో ప్రారంభమైన అగస్త్య అంతర్జాతీయ ప్రతిష్ఠానము ప్రయోగములు నేర్పు కేంద్రమును నెలకొల్పెను. అచ్చటికి పిల్లలును ఉపాధ్యాయులును వచ్చి చేతులతో చేసి నేర్తురు. బడికి ప్రయోగశాల లేనిచో ప్రయోగశాలయే బండియెక్కి బడికి వచ్చును. 2020 నాటి జాతీయ విద్యావిధానము, ప్రతి యుపాధ్యాయుడును ఏటేట 50 గంటలు తన వృత్తిలో క్రొత్త విషయములను నేర్వవలెనని చెప్పినది. నేడు ఆ గంటలలో కొన్ని ఫోనులో పాఠములు వినుటతో నిండుచున్నవి. వినుట మంచిదే. కాని కొవ్వొత్తి మీద గ్లాసు బోర్లించుట ఫోనులో జరుగదు. బండి వచ్చిన మరునాడు బడి ఉపాధ్యాయుడే మరల తరగతిలో నిలువవలెను.

పెద్దలారా! ఇందు మీ పని యేమున్నదని అందురా? చాల కలదు. మీ యూరి బడికి వెళ్లి, మార్కులను గూర్చి యడుగుటకు ముందు, ఆ బీరువా తాళము తీయించి చూడుడు. ఏటికి పది గాజుగొట్టములు పగిలినను ఆ వెల ఊరు భరించునని బడి కమిటీలో తీర్మానము వ్రాయించుడు. ఆ ఖర్చు మన జాతరలోని టపాకాయల పాటికి రాదు. మాష్టారు వేసవి శిబిరమునకు పోయినచో, నెలకొకమారు పొరుగు బడుల మాష్టర్లతో కలిసి కూర్చుండినచో, బడి యెగవేసినాడని ఫిర్యాదు చేయకుడు. అచ్చట నేమి చేసితిరని అడుగుడు. ఊరి వడ్రంగిని, కుమ్మరిని, సైకిలు బాగుచేయువానిని ఆయనకు పరిచయము చేయుడు. ప్రతి యూరిలోను ఒక అల్లాబక్ష్ ఉండును. ఆయనను బడిలోనికి పిలిచినవారు తక్కువ.

అన్నిటికంటె ముఖ్యముగా, మీ మనుమరా లింటికి వచ్చి పళ్లెములో నీళ్లు పోసి, దీపము మీద గ్లాసు బోర్లించినచో, నూనె దండుగయని కసరకుడు. ప్రక్కన కూర్చుండి చూడుడు. ఆమె యడిగిన ప్రశ్నకు బదులు తెలియకున్నచో తెలియదనుడు. రేపు మాష్టారి నడుగుమని పంపుడు. ఆ మాష్టారు నావలె చేయకుండునట్లు చూచుట మనందరి బాధ్యత.

నన్నడిగిన ఆ బాలిక ఇప్పుడెక్కడ నున్నదో ఎరుగను. ఆమె ప్రశ్నకు సమాధానము మాత్రము ఆలస్యముగానైనను ఈ ప్రసంగములో చెప్పితిని. ఆమె చెవిని పడునేమో యని ఆశ.